ముందు పాతదే పట్టుకోండి

త్రీడీ బొమ్మలు గీసే ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని కూర్చున్న ప్రతివాళ్ళకీ మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకోవడానికి దారి, అంటే ఏపీఐ, ఒకటి కాదు. ఓపెన్‌జీఎల్, డైరెక్ట్‌త్రీడీ 11, డైరెక్ట్‌త్రీడీ 12, వల్కన్, మెటల్, వెబ్‌జీఎల్, వెబ్‌జీపీయూ. దేనితో మొదలుపెట్టాలి? ఎవరిని అడిగినా వచ్చే జవాబులు దాదాపు ఒకటే. ఓపెన్‌జీఎల్ పనైపోయింది, దాని జోలికి వెళ్ళకు. నేరుగా వల్కన్ నేర్చుకో. వేగం కావాలంటే కొత్తదే వాడాలి. మంచి కార్డున్న కంప్యూటర్ కొనుక్కో. ఎక్కడైనా నడిచేలా కోడ్ రాయి.

నేను చెప్పేవన్నీ ఆ జవాబులకు ఎదురు సలహాలు. వీటిని తప్పుడు సలహాలనేవాళ్ళు చాలామంది ఉంటారు, అననివ్వండి. సరైన సలహా విని వల్కన్ పుస్తకం తెరిచి, ఒక్క త్రిభుజం కూడా తెర మీదికి రాకముందే ఇది నా వల్ల కాదనుకుని ఈ విద్యకే దూరమైన తెలివైన పిల్లలు మన కాలేజీల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళలో లోపం లేదు. ఎక్కించిన మెట్ల వరస తప్పు.

మొదటి త్రిభుజానికి గ్రాఫిక్స్ కార్డును ముట్టుకోవద్దు

ఏ ఏపీఐ ఎంచుకోవాలి అన్నదానికి నా మొదటి జవాబు, కొన్నాళ్ళు ఏదీ వద్దు. మీకు వచ్చిన భాష సీ కానివ్వండి, పైథాన్ కానివ్వండి, జావా కానివ్వండి, బొమ్మ వెడల్పునూ ఎత్తునూ గుణించి దాన్ని మళ్ళీ మూడుతో గుణించినంత అరే ఒకటి తీసుకోండి. అందులో రంగులు నింపి పీపీఎం ఫైలుగా రాయండి. పీపీఎం అంత సులువైన బొమ్మ ఫైలు ఇంకొకటి లేదు. పైన ఫార్మాట్ గుర్తు, వెడల్పు, ఎత్తు, రంగుకు గరిష్ఠ విలువ. కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు వరసగా. దీనికి ఏ లైబ్రరీ అక్కర్లేదు.

ఇప్పుడు మూడు బిందువులు పెట్టి వాటి మధ్య ఉన్న పిక్సెళ్ళు నింపండి. ఒక పిక్సెల్ త్రిభుజం లోపల ఉందో బయట ఉందో ఎలా తెలుస్తుంది? ఒక్కో అంచుకు ఒక చిన్న గుణకారపు లెక్క చేస్తే, పిక్సెల్ ఆ అంచుకు ఏ పక్కన ఉందో జవాబు ప్లస్సో మైనస్సో అయి చెబుతుంది. మూడు అంచులకూ ఒకే గుర్తు వస్తే పిక్సెల్ లోపల ఉన్నట్టు. ఆ మూడు జవాబులనే వాటి మొత్తంతో భాగిస్తే ఆ పిక్సెల్ మీద ఏ మూల ప్రభావం ఎంతో తేలుతుంది. ఒక మూల ఎరుపు, ఇంకో మూల నీలం పెడితే మధ్యలో రంగులు మెల్లగా కలిసిపోయేది ఆ వాటాల వల్లనే. లక్షల రూపాయల కార్డు లోపల రాస్టరైజర్ చేసే పని కూడా ప్రధానంగా ఇదే.

తర్వాత రెండు త్రిభుజాలను ఒకదానిలోకి ఒకటి దూరేలా పెట్టండి. ఏది ముందుందో, ఏది వెనకుందో పిక్సెల్ పిక్సెల్‌కూ తేల్చాలి. ప్రతి పిక్సెల్ దగ్గరా రంగుతో పాటు దూరం కూడా దాచుకుని, కొత్తగా వచ్చింది అంతకన్నా దగ్గరగా ఉంటేనే రాయాలన్నది దీనికి పరిష్కారం. ఎడ్విన్ క్యాట్మల్ 1974లో యూటా విశ్వవిద్యాలయంలో రాసిన పీహెచ్‌డీ థీసిస్‌లో ఉన్న ఆలోచన ఇది. ఆయనే తర్వాత పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. అర్ధ శతాబ్దం దాటినా డెప్త్ బఫర్ అనే ఈ పద్ధతి లేని త్రీడీ ఆట ఇవాళ దాదాపు కనిపించదు.

ఆ తర్వాతే అసలు మెలిక వస్తుంది. త్రిభుజం మీద గళ్ళ బొమ్మ అంటించి, దాన్ని మనకు దూరంగా వాలినట్టు పెట్టండి. గళ్ళు వంకర పోతాయి. రంగుల్ని కలిపిన పద్ధతిలోనే బొమ్మ కొలతల్ని కూడా తెర మీద సమంగా పంచితే ఇలాగే అవుతుంది, ఎందుకంటే దూరంగా ఉన్న జానెడు తెర మీద దగ్గరున్న జానెడు కంటే చిన్నది. ప్రతి మూల దగ్గరా విలువను లోతుతో భాగించి, అలా భాగించినదాన్ని పంచి, పిక్సెల్ దగ్గర మళ్ళీ లోతుతో గుణించాలి. 1994లో వచ్చిన సోనీ మొదటి ప్లేస్టేషన్ ఈ లెక్క చేసేది కాదు. అందుకే ఆ ఆటల్లో కెమెరా కదిలితే నేల మీది పలకలు నీటిలో నీడల్లా మెలికలు తిరుగుతాయి. 1996లో వచ్చిన క్వేక్ గ్రాఫిక్స్ కార్డు లేకుండా పెంటియం మీదే నడిచింది. అందులో ఈ భాగహారాన్ని ప్రతి పిక్సెల్‌కూ చేయలేక 16 పిక్సెళ్ళకు ఒకసారి చేసి, మధ్యవాటిని సమంగా పంచారు. ఈ రెండు విషయాలూ చదివితే గుర్తుంటాయి, మీ చేత్తో వంకర గళ్ళు చూసి సరిచేస్తే మటుకు ఒంటబడతాయి.

మన దగ్గర ఇంకో మాట చెప్పాలి. ఆంధ్ర, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ అంటే చాలా ఏళ్ళపాటు డాస్ కాలం నాటి టర్బో సీ. నీలం తెర, గ్రాఫిక్స్ హెడర్ ఫైలు, బీజీఐ ఫోల్డర్ దారి ఇవ్వకపోతే తెర తెరుచుకోకపోవడం, 16 రంగులు, రికార్డు పుస్తకంలో బ్రెజెన్‌హామ్ గీత, మిడ్‌పాయింట్ వృత్తం. అదంతా దండగని ఇప్పుడు అందరూ కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ కంపైలర్ దండగే, దాన్ని అవతల పెట్టండి. రికార్డులో రాసిన అల్గారిదమ్‌లు మాత్రం దండగ కావు. ఒక్క పిక్సెల్ పెట్టే ఫంక్షన్ చేతిలో ఉంటే బొమ్మంతా కట్టుకు రావచ్చన్నది ఆ ల్యాబ్ నేర్పిన విలువైన పాఠం. రేపు మీరు రాసే ప్రతి ఫ్రాగ్మెంట్ షేడర్ ఒక పిక్సెల్ పక్కన నిలబడి దాని రంగు తేల్చే ప్రోగ్రామే.

చచ్చిపోయిందంటున్నదానితోనే మొదలుపెట్టండి

సీపీయూ మీద ఒక వస్తువు తిరగడం చూశాక గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి రండి. అప్పుడు ఓపెన్‌జీఎల్ తీసుకోండి, అందులోనూ 3.3. తాజా వెర్షన్ 4.6 వద్దు. పాత పుస్తకాల్లో ఉండే జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ పద్ధతీ వద్దు.

ఓపెన్‌జీఎల్ 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీలో పుట్టింది. 4.6 వెర్షన్ 2017లో వచ్చింది, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. దాన్ని చూసుకునే క్రోనోస్ సంస్థే 2016లో వల్కన్ 1.0 తెచ్చింది. ఆపిల్ 2018లో ఓపెన్‌జీఎల్‌ను డెప్రికేటెడ్ జాబితాలో వేసింది. ఇవన్నీ నిజాలే. ఇవే కారణాలు చూపించి నేను దాన్ని నేర్చుకోమంటున్నాను. ఆగిపోయిన ఏపీఐ మీ కాళ్ళ కింద కదలదు. ఇవాళ రాసిన కోడ్ వచ్చే ఏడు కూడా అలాగే నడుస్తుంది, పదేళ్ళ కిందటి పాఠం ఇవాళ కూడా అక్షరం మార్చకుండా పని చేస్తుంది. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే దొడ్డ ఉపకారం ఏముంది?

3.3 అనే ఎందుకంటున్నానంటే, అది 2010లో వచ్చింది, షేడర్లు రాయక తప్పదు, బఫర్లు మీరే నింపాలి. అంటే ఇప్పటి కార్డుల పని తీరుకు దగ్గరగానే ఉంటుంది. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గర ఆగిపోయింది, అక్కడా 3.3 నడుస్తుంది. బ్రౌజర్లో నడిచే వెబ్‌జీఎల్ 2కు ఆధారం ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0, దాని షేడర్ భాషకూ 3.3 షేడర్ భాషకూ తేడా స్వల్పం. బ్లెండర్ 2019లో 2.80 వెర్షన్‌కు వచ్చినప్పుడు ఓపెన్‌జీఎల్ 3.3నే ఆధారం చేసుకుంది. అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు సరిపోయింది మీ మొదటి ప్రాజెక్టుకు చాలదా?

ఒక త్రిభుజానికి ఓపెన్‌జీఎల్‌లో వంద లైన్లు చాలు. వల్కన్‌లో దాదాపు వెయ్యి. ఆ తొమ్మిది వందల లైన్ల తేడాలో బొమ్మ గురించి ఏమీ ఉండదు. లైటు, కెమెరా, మ్యాట్రిక్స్, నీడ ఇవేవీ ఉండవు. ఉండేవి స్వాప్‌చెయిన్, క్యూ ఫ్యామిలీ, మెమరీ రకం, సెమాఫోర్. ఇవన్నీ అవసరమైనవే కానీ త్రీడీ బొమ్మ ఎలా పుడుతుందో ఇంకా తెలియనివాళ్ళకు ఇవి గోడలు.

ఓపెన్‌జీఎల్‌కు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచను. తప్పు చేస్తే చెప్పదు. తెర నల్లగా ఉంటుంది, అంతే. 3.3లో అడిగితే తప్ప ఎర్రర్ బయటికి రాదు. కాబట్టి విండో తెరిచేటప్పుడే డీబగ్ కాంటెక్స్ట్ అడగండి. మీ డ్రైవర్ డీబగ్ ఎక్స్‌టెన్షన్ ఇస్తుంటే దానికి ఒక ఫంక్షన్ తగిలించి ప్రతి హెచ్చరికనూ ముద్రించుకోండి. రెండోది, రెండర్‌డాక్ అనే ఉచిత సాధనం మొదటి వారంలోనే వేసుకోండి. ఒక ఫ్రేమ్‌ను పట్టి ఆపి, ఏ డ్రా కాల్‌కు (గీయమని కార్డుకిచ్చే ఒక్కో ఆదేశానికి) ఏ బఫర్ వెళ్ళింది, ఏ త్రిభుజం ఎక్కడ పడింది అన్నీ విప్పి చూపిస్తుంది. నల్ల తెర ముందు తల పట్టుకుని కూర్చునే రాత్రులు దానివల్ల సగానికి తగ్గుతాయి.

మ్యాట్రిక్స్ లైబ్రరీ కూడా మొదట్లో వాడొద్దంటాను. నాలుగు బై నాలుగు గుణకారం, పర్‌స్పెక్టివ్ మ్యాట్రిక్స్, కెమెరా మ్యాట్రిక్స్ మీరే రాయండి. కాగితం మీద ఒక బిందువును వాటి గుండా తెర మీదికి చేరేదాకా నడిపించండి.

భవిష్యత్తు చూసి ఎంచుకోవద్దు

"పాతది నేర్చుకుంటే రేపు పనికిరాదు" అనేవాళ్ళకు ఈ రంగం చరిత్ర చూపించాలి. భవిష్యత్తు అనుకున్నవి ఇందులో చాలానే కూలాయి. 1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ కార్డు తెచ్చింది, దానికి గ్లైడ్ అనే సొంత ఏపీఐ ఇచ్చింది. ఆ రోజుల్లో పీసీ ఆట అందంగా కనిపించాలంటే గ్లైడే. 2000 డిసెంబరులో ఆ కంపెనీ ఆస్తులు ఎన్‌విడియా చేతికి పోయే ఒప్పందం కుదిరింది, గ్లైడ్ కథ ముగిసింది. 1997లో మైక్రోసాఫ్ట్, సిలికాన్ గ్రాఫిక్స్ కలిసి ఫారెన్‌హైట్ పేరుతో ఇకమీదట అందరికీ ఇదే అన్నంత ఆర్భాటంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. రెండు మూడేళ్ళకే అది అటకెక్కింది. డైరెక్ట్‌త్రీడీ తొలి రూపంలో ఎగ్జిక్యూట్ బఫర్లని ఒక పద్ధతి ఉండేది. క్వేక్ రాసిన జాన్ కార్మాక్ 1996 చివర్లో దాన్ని గట్టిగా విమర్శించి, తన ఆటకు ఓపెన్‌జీఎల్ రూపం తెచ్చారు. మైక్రోసాఫ్ట్ మరుసటి ఏడాదే వేరే, సులువైన పద్ధతిని ఇచ్చింది. ఏఎండీ 2013లో ప్రకటించిన మాంటిల్ కూడా తన పేరుతో నిలవలేదు, వల్కన్‌కు పునాది అయ్యింది.

వల్కన్ లోపల కూడా ఇదే. మొదట్లో రెండర్‌పాస్ ఆబ్జెక్ట్, ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్ అని పేజీలకు పేజీలు నేర్చుకోవాల్సి వచ్చేది. 2022లో వచ్చిన 1.3లో డైనమిక్ రెండరింగ్ చేరి వాటిని చాలాచోట్ల అనవసరం చేసింది. 2016లో అవి బట్టీ పట్టినవాళ్ళు మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది.

కదలనివి వేరే ఉన్నాయి. 1971లో గూరో షేడింగ్, 1974లో డెప్త్ బఫర్, 1975లో ఫాంగ్ వెలుగు లెక్క, 1986లో జిమ్ కాజియా రాసిన రెండరింగ్ సమీకరణం. ఏ ఏపీఐతో రాసినా మీ షేడర్ లోపల ఉండేవి వీటి సంతానమే. మీ ఏడాదిలో ఎక్కువ భాగం వీటికివ్వండి.

వేగం కోసం మారొద్దు

"ఓపెన్‌జీఎల్ నెమ్మది" అన్నది అందరి నోటా వినిపించే మాట. ఏది నెమ్మది? సీపీయూ కార్డుకు పని అప్పగించే భాగమా, కార్డు ఆ పని చేసే భాగమా? కొత్త ఏపీఐలు బాగుచేసింది ప్రధానంగా మొదటిదాన్ని. ఒక్కో డ్రా కాల్‌కు డ్రైవర్ చేసే తనిఖీలు తగ్గాయి, నాలుగైదు థ్రెడ్‌లు ఒకేసారి ఆదేశాలు రాసుకునే వీలు వచ్చింది. కానీ మీ నీడల షేడర్ ఒక ఫ్రేమ్‌లో 12 మిల్లీసెకన్లు తింటుంటే, అదే షేడర్ అదే కార్డు మీద వల్కన్‌లోనూ ఇంచుమించు అంతే తింటుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు ఉన్న సమయం 16.67 మిల్లీసెకన్లు. అది ఎక్కడ కరిగిపోతోందో తెలియకుండా ఏపీఐ మారిస్తే పాత సమస్య కొత్త ఇంట్లోనూ మీతోనే ఉంటుంది.

ఏది అడ్డమో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. విండోను నాలుగో వంతుకు కుదించండి. ఫ్రేములు ఒక్కసారిగా పెరిగితే మీ సమస్య పిక్సెళ్ళు, అంటే షేడర్లు, మెమరీ, ఒకే పిక్సెల్‌ను మళ్ళీ మళ్ళీ గీయడం. విండో ఎంత కుదించినా మార్పు లేకపోతే, అప్పుడు వస్తువుల సంఖ్య సగానికి తగ్గించి చూడండి. దానికి కదిలితే డ్రా కాల్స్‌నో, త్రిభుజాల సంఖ్యనో అనుమానించవచ్చు. డ్రా కాల్సే అయితే కూడా వెంటనే వల్కన్ వైపు పరిగెత్తొద్దు. ఒకే చెట్టు వెయ్యిసార్లు గీస్తుంటే ఇన్‌స్టాన్సింగ్ వాడి ఒక్క కాల్‌తో గీయండి, 3.3లో అది ఉంది. వేరువేరు టెక్స్చర్ల వల్ల కాల్స్ విడిపోతుంటే టెక్స్చర్ అరేలో పెట్టండి, అదీ ఉంది. ఆ తర్వాత కూడా సీపీయూనే అడ్డమైతే మీ మాట నిజం, మారవచ్చు.

2016 మే నెలలో ఐడీ సాఫ్ట్‌వేర్ డూమ్ ఆటను పీసీ మీద ఓపెన్‌జీఎల్‌తోనే విడుదల చేసింది. జులైలో వల్కన్ అప్‌డేట్ ఇచ్చింది, ఏఎండీ కార్డుల మీద వేగం బాగా పెరిగింది. ఆ క్రమాన్ని గమనించండి. ఆట పూర్తయ్యింది, జనం ఆడారు, ఏది అడ్డమో వాళ్ళకు తెలుసు, అప్పుడు మారారు.

అందుబాటులో ఉన్నవాటిలో బలహీనమైన కంప్యూటర్ ఎంచుకోండి

కార్డు కొనడానికి ఇంట్లో డబ్బులు అడగకండి. ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ ఇందుకు అన్ని విధాలా మంచిది. ఖరీదైన కార్డు మీ చెత్త కోడ్‌ను కూడా 200 ఫ్రేములతో నడిపించి, తప్పు జరిగిందని తెలియనివ్వదు.

చిన్న కంప్యూటర్ చెప్పే పాఠం బ్యాండ్‌విడ్త్. 1920 బై 1080 తెరలో పిక్సెళ్ళు 20 లక్షల 73 వేల చిల్లర. ఒక్కోదానికి నాలుగు బైట్లు, సెకనుకు 60 సార్లు. తెర మొత్తానికి ఒక్క పొర రంగు వేయడానికే సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు రాయాలి. దాని మీద డెప్త్, దాని మీద నీడలు, చదివి మళ్ళీ రాసే బ్లర్ పాసులు నాలుగు. లెక్క ఎంత తొందరగా పెరుగుతుందో చూడండి. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డుకు సెకనుకు 360 గిగాబైట్లు అటూ ఇటూ పంపే సత్తా ఉంది, కాబట్టి ఇదంతా దానికి కనిపించదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ వాడుకునేది మామూలు ర్యామ్‌నే, పైగా సీపీయూతో పంచుకుని. డీడీఆర్4 3200 ర్యామ్ రెండు ఛానెళ్ళలో ఉంటే సెకనుకు 51.2 గిగాబైట్లు. ఒకే స్టిక్ ఉంటే అందులో సగం, 25.6. మన దగ్గర అమ్మే చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 8 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి ఇస్తారు. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అలాంటిదే ఇంకో స్టిక్ వేయించండి. కొత్త ఏపీఐ కంటే ఎక్కువ ఫ్రేములు ఆ ఒక్క పని ఇవ్వవచ్చు.

ఇలాంటి కంప్యూటర్ మీద సాఫీగా నడిచింది పెద్ద కార్డు మీద ఎలాగూ నడుస్తుంది.

అన్నిచోట్లా నడిచే పొర రాయొద్దు

కొంచెం పట్టు రాగానే ప్రతి చురుకైన కుర్రాడికీ, అమ్మాయికీ ఒక ఆశ పుడుతుంది. కింద వల్కన్ ఉన్నా డైరెక్ట్‌త్రీడీ ఉన్నా మెటల్ ఉన్నా పైన ఒకేలా కనిపించే సొంత పొర ఒకటి రాద్దామని. దయచేసి రాయొద్దు. ఆ పొర పూర్తికాదు, దాని మీద కట్టాల్సిన ఆట మొదలవదు.

ఆ దారిలో ఏముంటుందో చూడండి. ఓపెన్‌జీఎల్‌లో లోతు మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా, మిగతావాటిలో సున్నా నుంచి ఒకటి దాకా. వల్కన్ క్లిప్ స్పేస్‌లో వై అక్షం కిందికి చూస్తుంది, మిగతావాటిలో పైకి. టెక్స్చర్ మొదటి వరస ఓపెన్‌జీఎల్‌లో అడుగున, డైరెక్ట్‌త్రీడీలో పైన. షేడర్ భాషలు నాలుగు: జీఎల్‌ఎస్‌ఎల్, హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్, మెటల్ భాష, డబ్ల్యూజీఎస్‌ఎల్. వాటి మధ్య మెమరీ అమరిక నియమాలు కూడా వేరు, మూడు అంకెల వెక్టర్ ఒకచోట 12 బైట్లు పడితే ఇంకోచోట 16 బైట్ల గడిలో కూర్చుంటుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా చిన్నవే, కలిసినప్పుడు ఏడాది మింగేస్తాయి.

ఒక్క ఏపీఐ, ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్, మీ ముందున్న ఒక్క కంప్యూటర్. దానికి రాసి పూర్తిచేయండి. ఇతరచోట్ల నడవాల్సిన రోజు వస్తే ఆ పని చేసిపెట్టినవాళ్ళు ఉన్నారు. గూగుల్ యాంగిల్ ఓపెన్‌జీఎల్ ఈఎస్‌ను వేరే ఏపీఐల మీదికి అనువదిస్తుంది, విండోస్ క్రోమ్‌లో వెబ్‌జీఎల్ నడిచేది దాని మీదే. మెసాలోని జింక్ ఓపెన్‌జీఎల్‌ను వల్కన్ మీద నడుపుతుంది. మోల్టెన్‌వీకే వల్కన్‌ను మెటల్ మీద నడుపుతుంది. విండోస్ ఆటలు లినక్స్ ఉన్న స్టీమ్ డెక్‌లో ఆడుతున్నాయంటే డీఎక్స్‌వీకే లాంటి అనువాద పొరల వల్లే. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టయితే ఎస్‌డీఎల్ 3లో ఉన్న జీపీయూ ఏపీఐ వల్కన్, డైరెక్ట్‌త్రీడీ 12, మెటల్ మూడింటినీ చూసుకుంటుంది.

ఓపెన్‌జీఎల్ 3.3 సలహాకు కొన్ని మినహాయింపులు ఇస్తాను. మీ పని నలుగురికీ చూపించాలంటే వెబ్‌జీఎల్ 2 వాడండి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఎగ్జిక్యూటబుల్ పంపితే తెరవలేరు. వాట్సాప్‌లో లింకు పంపితే ఫోనులోనే మీ బొమ్మ వేలితో తిప్పి చూస్తారు. వెబ్‌జీపీయూ 2023లో క్రోమ్‌లోకి వచ్చింది, చక్కగా మలిచిన ఏపీఐ, ఓపెన్‌జీఎల్ తర్వాతి మెట్టుగా నాకు చాలా నచ్చింది. విండోస్ ఆటే లక్ష్యమైతే డైరెక్ట్‌త్రీడీ 11 తీసుకోండి. 2009 నాటిదని చులకన చేయొద్దు, ఓపెన్‌జీఎల్ కంటే పొందికైనది, తప్పు చేస్తే డీబగ్ లేయర్ స్పష్టంగా చెబుతుంది. ఐఫోన్‌కే రాస్తే మెటల్, అందులో ఆలోచించడానికేమీ లేదు.

ఉద్యోగ ప్రకటన చూసి ఏపీఐ నేర్చుకోవద్దు

ప్రకటనలో వల్కన్, డైరెక్ట్‌త్రీడీ 12 అని ఉంటాయి. వాటిని చూసి కంగారుపడి ఆ రెండింటి పేర్లు రెజ్యూమేలో చేర్చేవాళ్ళను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఏఎండీ, ఎన్‌విడియా, క్వాల్‌కామ్, ఇంటెల్, ఈ జీపీయూ కంపెనీలన్నిటికీ హైదరాబాద్‌లో ఆఫీసులు ఉన్నాయి. డ్రైవర్ రాసేవాళ్ళు, పరీక్షించేవాళ్ళు, చిప్ పనితీరు కొలిచేవాళ్ళు అలాంటి చోట్లే అవసరమవుతారు. అక్కడ కూర్చోవాల్సిన మనిషికి త్రిభుజం లోపల పిక్సెల్ ఎలా తేలుతుంది, డెప్త్ విలువలు దూరంగా పోయేకొద్దీ ఎందుకు కచ్చితత్వం కోల్పోతాయి, దగ్గరి ప్లేన్‌ను మరీ సున్నాకు చేరిస్తే దూరపు గోడలు ఎందుకు మినుకుమంటాయి, ఫోను జీపీయూలు తెరను చిన్న టైళ్ళుగా ఎందుకు కోసుకుంటాయి అన్నవి వేళ్ళ మీద ఉండాలి. ఫంక్షన్ పేర్లు డాక్యుమెంటేషన్‌లో దొరుకుతాయి, ఇవి దొరకవు. సొంతంగా సీపీయూ మీద రాసిన రెండరర్ ఒకటి, ఓపెన్‌జీఎల్‌లో నీడలతో సహా పూర్తిచేసిన దృశ్యం ఒకటి చూపించండి. సగంలో ఆపిన వల్కన్ ఇంజన్ కంటే వాటి బరువు ఎక్కువ.

వల్కన్‌ను చివర్లో, పూర్తిగా

వల్కన్ మీద నాకు కోపం లేదు, గౌరవం ఉంది. అందుకే దాన్ని తొందరపడి చదవొద్దంటున్నాను. ఓపెన్‌జీఎల్ అంటే పెళ్ళి భోజనాలు వంట మేస్త్రీకి ఒప్పజెప్పడం. వల్కన్ అంటే గాడిపొయ్యి తవ్వడం దగ్గరినుంచి మీరే పూనుకోవడం. ఏ టెక్స్చర్‌ను ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతున్నారు, రాయడం పూర్తయ్యేదాకా చదివేవాళ్ళను ఆపాలా, ఇదంతా ఓపెన్‌జీఎల్ డ్రైవర్ తనే ఊహించి చూసుకునేది. వల్కన్‌లో అవన్నీ బారియర్లతో, ఫెన్స్‌లతో, సెమాఫోర్లతో మీరే చెప్పాలి. డ్రైవర్ ఊహ ఎన్నాళ్ళపాటు మిమ్మల్ని కాపాడిందో అర్థమయ్యేది ఆ పనులు ముందు చూసి ఉన్నవాళ్ళకే.

మీరు ఓపెన్‌జీఎల్‌లో పూర్తిచేసిన దృశ్యాన్నే వల్కన్‌కు మార్చండి, కొత్త దృశ్యం వద్దు. బొమ్మ తేడాగా వస్తే తప్పు ఎక్కడుందో వెతకడం సులువవుతుంది. 1.3 వెర్షన్ నుంచి మొదలుపెట్టి డైనమిక్ రెండరింగ్ వాడండి, పాత రెండర్‌పాస్ పాఠాలను తర్వాత ఫోను జీపీయూల కోసం చదువుకోవచ్చు. వాలిడేషన్ లేయర్లను మొదటి లైను రాయకముందే ఆన్ చేయండి, సింక్రొనైజేషన్ వాలిడేషన్‌తో సహా. అవి ఇచ్చే హెచ్చరిక ఒక్కటి ఉన్నా ముందుకు వెళ్ళొద్దు. బారియర్ మరిచిపోయిన కోడ్ ఒక కంపెనీ కార్డు మీద నెలల తరబడి చక్కగా నడిచి, ఇంకో కంపెనీ కార్డు మీద మొదటి నిమిషంలోనే తెరంతా గళ్ళు గళ్ళుగా చేసేస్తుంది.

ప్రతి వస్తువుకూ విడిగా మెమరీ కేటాయించొద్దు. ఒక డ్రైవర్ కనీసం 4096 కేటాయింపులు ఇస్తే చాలని ప్రమాణం చెబుతుంది, కొన్ని డ్రైవర్లు అంతకుమించి ఇవ్వవు. చిన్న పరీక్షా దృశ్యంలో ఈ తప్పు బయటపడదు, నిజమైన ఊరు గీసినరోజు ప్రోగ్రామ్ కూలుతుంది. పెద్ద ముక్కలు తీసుకుని లోపల పంచుకోవాలి. ఆ పనికి ఏఎండీ ఉచితంగా ఇస్తున్న వల్కన్ మెమరీ అలొకేటర్ ఉంది. ఇక్కడ కూడా సొంతంగా రాసుకోమని నేను చెప్పను.

మార్చడం పూర్తయ్యాక రెండు రూపాలనూ ఆ బలహీనమైన ల్యాప్‌టాప్ మీదే నడిపి, ఫ్రేమ్‌కు సీపీయూ తీసుకున్న సమయం, జీపీయూ తీసుకున్న సమయం విడివిడిగా రాసుకోండి. సీపీయూ సమయం బాగా తగ్గి, ఆ మిగులుతో మీరు చేయాల్సిన పని నిజంగా ఉంటే వల్కన్ రూపాన్ని విడుదల చేయండి. తగ్గకపోతే, తగ్గినా ఆ మిగులుతో మీకు పని లేకపోతే, ఓపెన్‌జీఎల్ రూపాన్నే విడుదల చేసి వల్కన్ కోడ్‌ను పక్క బ్రాంచిలో ఉంచండి.